వార్డులకు చేరని గొంతు

జ్ఞానశేఖర్ పనిచేసే గదిలో మనిషి గొంతు వినిపించదు. ఆసుపత్రి పాత భవనంలో మెట్ల కింద, ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది అది. ఇప్పుడక్కడ సర్వర్లు, వాటి వెనక ఫ్యాన్లు, అన్నిటి నెత్తి మీదా ఏసీ. అన్నీ కలిసి రోజంతా ఒకే శ్రుతిలో హోరెత్తుతుంటాయి. మొదట్లో ఆ హోరుకు తలనొప్పి వచ్చేది. రానురాను అది వానలాగా అలవాటైపోయింది. సాయంత్రం బయటికొచ్చి కార్ఖానాలోని ఇంటికి వెళ్ళే బస్సెక్కాక కూడా కాసేపు అతని చెవుల్లో ఆ వాన కురుస్తూనే ఉండేది.

ముందువైపు గోడలన్నీ నల్లరాయి కాబట్టి ఆ మిషన్ ఆసుపత్రిని సికింద్రాబాద్‌లో అందరూ రాతి ఆసుపత్రి అనేవారు. ఎర్ర బస్సుల కండక్టర్లు కూడా అదే పేరుతో కేకేసేవారు. జ్ఞానశేఖర్ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే, పెరిగింది మెట్టుగూడలో. తండ్రి రైల్వేలో గుమాస్తా, తల్లి సుగుణమ్మ మిషన్ బడిలో టీచరు. పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడిగా ఆసుపత్రిలో చేరాడు. అప్పటికి అక్కడ కంప్యూటరంటే బిల్లింగు కిటికీ దగ్గర ఒకటి, సూపరింటెండెంటు గదిలో గుడ్డ కప్పి ఒకటి. ఆ తర్వాత ల్యాబుకు వచ్చింది, ఎక్స్‌రేకు వచ్చింది, మందుల కొట్టుకు వచ్చింది. వాటన్నిటినీ కలిపే తీగలు గోడల్లో నరాల్లా పాకాయి. ఏ తీగ ఏ గోడలో దూరి ఎక్కడ తేలుతుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు జ్ఞానశేఖర్, రెండోవాడు ఎలక్ట్రీషియన్ హెన్రీ. హెన్రీ పోయాక ఒక్కడే మిగిలాడు.

ఆ ఆసుపత్రికో ఆనవాయితీ ఉంది. పొద్దున్నే డ్యూటీలు మారే వేళ, ఆపరేషన్లు మొదలవక ముందు, వెనకవైపు ఉన్న ప్రార్థన గదిలోంచి ఒక గొంతు వార్డులన్నిటికీ వినిపిస్తుంది. బైబిల్లోంచి ఒక వాక్యం, ఒక చిన్న ప్రార్థన, ఆ తర్వాత పేర్లు. ప్రార్థన గది గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరికి ఆపరేషనుంటే వాళ్ళ మనుషులు చీటీ మీద పేరు రాసి అందులో వేస్తారు. ఏ మతమని ఎవరూ అడగరు. సైదులు, ఖాజాబీ, నాంచారమ్మ, ఎవరైనా సరే. ఆ పేరు పొద్దున్నే గోడ మీది స్పీకరులోంచి పలుకుతుంది.

పలికేది రోసమ్మ. ఆ ఆసుపత్రిలో నర్సుగా చేరి, వార్డు సిస్టరై, రిటైరైన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే జీవితం గడిపేసింది. భర్త లేడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక ఆమెకు ఆసుపత్రిలో మిగిలింది ఆ పొద్దుటి కాసింతసేపే. మెట్టుగూడ నుంచి మొదటి బస్సుకు వచ్చేది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో వరండా మెట్టూ ఎక్కి, మైకు ముందు కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టేది.

"మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం, సైదులు. సైదులూ, భయపడకు నాయనా. డాక్టరుగారు చెయ్యి తిరిగినవారు. మేమందరం నీ వెంటే ఉన్నాం."

ఎవరైనా "ఈ వయసులో ఎందుకమ్మా ఈ తిప్పలు" అంటే, "వినేవాళ్ళున్నారు కాబట్టి లేస్తున్నా. లేకపోతే ఈ మోకాళ్ళు నన్ను మంచం దిగనిస్తాయా?" అనేది. నవ్వుతూ అనేది గానీ అందులో అబద్ధం లేదు.

జ్ఞానశేఖర్‌కు ఆ గొంతుతో ఒక బంధం ఉంది. తల్లి చివరి రోజుల్లో ఆడవాళ్ళ వార్డులో ఉంది. పొద్దున్నే స్పీకరులోంచి "సుగుణమ్మ టీచరుగారు" అని వినపడగానే, ఎవరో తనను చూడటానికి వచ్చినట్టు ఆమె పడుకునే ఉండి కొంగు సర్దుకునేది. ఆ చెయ్యి, ఆ కొంగు అతని కళ్ళలో ఉండిపోయాయి. తల్లి పోయాక అతను మళ్ళీ మెట్ల కింది గదిలోకి, ఫ్యాన్ల వానలోకి వెళ్ళిపోయాడు. ఆ గదిలో స్పీకరు లేదు. పొద్దుటి ప్రార్థన రోజూ జరుగుతుందని అతనికి తెలుసు, సూర్యుడు వస్తాడని తెలిసినట్టే. తెలిసినదాన్ని మళ్ళీ ఎవరు చూస్తారు?

*

ఆ ఏడు వానాకాలంలో ఒక పేషెంటు తాలూకు మనిషి, రాత్రిళ్ళు సినిమాలు చూసుకోవడానికి ఇంటి నుంచి ఇంటర్నెట్ డబ్బా ఒకటి తెచ్చి, వార్డు గోడలో ఖాళీగా ఉన్న సాకెట్లో గుచ్చాడు. ఆ డబ్బా ఊరుకోలేదు. ఆసుపత్రి కంప్యూటర్లకు తానే పెద్దనన్నట్టు తప్పుడు చిరునామాలు పంచిపెట్టడం షురూ చేసింది. తెల్లారేసరికి బిల్లింగు ఆగిపోయింది. ల్యాబు రిపోర్టులు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. జనం వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

కొత్తగా వచ్చిన పరిపాలనాధికారి ఉదయ్ భాస్కర్ కేకలేసే మనిషి కాడు. జ్ఞానశేఖర్‌ను పిలిచి కూర్చోబెట్టి అడిగాడు.

"జ్ఞానశేఖర్ గారూ, ఎవరో దారినపోయేవాళ్ళు గోడలో ఏదో గుచ్చితే ఆసుపత్రి ఆగిపోతుందా?"

"ఆగకుండా చెయ్యొచ్చు సార్."

"మరి ఎందుకు చెయ్యలేదు?"

జ్ఞానశేఖర్ కిందికి వచ్చి పని మొదలుపెట్టాడు.

కంప్యూటర్లు మాటను ముక్కలు చేసి పంపుకుంటాయి. ఒక్కో ముక్క ఒక ప్యాకెట్. ఉత్తరం కవరు మీద రాసినట్టే ప్రతి ప్యాకెట్ మీదా ఎవరికి అనేదీ, ఎవరి నుంచి అనేదీ రాసి ఉంటుంది. గోడల్లోని తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు, తీగ దూరే ఒక్కో రంధ్రాన్ని పోర్టు అంటారు. ఇన్నాళ్ళూ ఆ స్విచ్ ఎవరికి అన్నదొక్కటే చూసి దారి చూపేది. ఎవరి నుంచి అన్నది పట్టించుకునేది కాదు. జ్ఞానశేఖర్ ఇప్పుడు దానికి ఆ రెండోది చూడటం నేర్పాడు. సర్వరు ఏ యంత్రానికి ఏ చిరునామా ఇచ్చిందో స్విచ్‌కు గుర్తుంటుంది. ఆ పోర్టులోంచి ఆ చిరునామాతో వచ్చిన ప్యాకెట్‌నే లోపలికి రానిస్తుంది. వేరే చిరునామాతో ఏది వచ్చినా పారేస్తుంది.

పారేయడమంటే నిజంగా పారేయడమే. రైల్వే గేటు దగ్గర టీసీ అయితే ఆపుతాడు, అరుస్తాడు, కనీసం వెనక్కి పొమ్మంటాడు. చిరునామా కుదరని ఉత్తరాన్ని పోస్టాఫీసు తిప్పి పంపుతుంది. స్విచ్ ఏమీ అనదు. పంపినవాడికి తన మాట పోయిందని కూడా తెలియదు. తీగ బతికే ఉంటుంది, దీపం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

ఒకటే చిక్కు. కొన్ని యంత్రాలు సర్వరును చిరునామా అడగవు. ఎవరో ఒకప్పుడు చేత్తో పెట్టిన చిరునామాతోనే బతుకుతుంటాయి. ల్యాబులో రక్తం పరీక్ష చేసే మిషను, ఎక్స్‌రే, హాజరు వేసే మిషను, పాత ప్రింటర్లు అలాంటివి. వాటిని స్విచ్‌కు విడిగా పరిచయం చెయ్యాలి, లేకపోతే వాటినీ దొంగల కింద జమకడుతుంది. అందుకని జ్ఞానశేఖర్ ఆసుపత్రంతా కాళ్ళరిగేలా తిరిగాడు. ప్రతి విభాగంలోనూ పెద్దనడిగాడు, బల్లల కింద దూరాడు, దుమ్ము దులిపి చూశాడు.

ప్రార్థన గదికీ వెళ్ళాడు. అక్కడ హెన్రీ పెట్టిన చిన్న నల్లపెట్టె ఒకటి ఉంది. పాత స్పీకరు తీగలు తుప్పుపట్టిపోయినప్పుడు, మైకులోని గొంతును ప్యాకెట్లుగా మార్చి ఆసుపత్రి తీగల మీదుగానే వార్డులకు పంపేలా హెన్రీ దాన్ని బిగించాడు. చిరునామా చేత్తోనే పెట్టాడు. హెన్రీ అన్నీ చేత్తోనే పెట్టేవాడు. "అడుక్కునే చిరునామా ఎందుకురా, మనం ఇచ్చిందే స్థిరం" అనేవాడు.

జ్ఞానశేఖర్ గుమ్మం దాకా వెళ్ళేసరికి రోసమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చదవడం అయిపోయింది, మైకు ఆపేసింది. తనకోసం తాను ప్రార్థన చేసుకుంటోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థనలో ఉన్న మనిషిని పిలవకూడదని అతనికి తల్లి నేర్పింది. చెప్పులు కూడా చప్పుడు కాకుండా నిలబడ్డాడు. కాసేపు చూశాడు. ఆమె కళ్ళు తెరవలేదు. ఈలోగా ఎక్స్‌రే నుంచి ఫోనొచ్చింది. మోగకముందే నొక్కేసి, మునివేళ్ళ మీద వెనక్కి నడిచి వచ్చేశాడు. మళ్ళీ వద్దామనుకున్నాడు.

మళ్ళీ వెళ్ళలేదు. ఎక్స్‌రే పని సాయంత్రం దాకా పట్టింది. మర్నాడు ఆదివారం. సోమవారం నాటికి ఆ గుమ్మం అతని మనసులో చూసేసిన గుమ్మాల్లో కలిసిపోయింది.

ఆ రాత్రి పోర్టులన్నిటికీ కాపలా పెట్టి, పొద్దున బిల్లింగు, ల్యాబు, ఎక్స్‌రే అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని చూసుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత తన పని మీద తనకే ముచ్చటేసింది.

కొన్నాళ్ళకు ఇంకో సంగతి గమనించాడు. వెనకవైపు మందుల స్టోరులో ఉన్న స్విచ్ ఒకటి రోజూ పొద్దున్నే కాసేపు కుప్పలు కుప్పలుగా ప్యాకెట్లను పారేస్తోంది. ఒకే పోర్టు. పేరు రాయని పోర్టు. కాసేపయ్యాక ఆగిపోతుంది. మళ్ళీ మర్నాడు అదే వేళకు.

"వెనకాల ఎవరో రోజూ ఏదో గుచ్చి చూస్తున్నారు సార్," అని ఉదయ్ భాస్కర్‌కు చెప్పాడు. "ఒక్క ముక్క కూడా లోపలికి రానివ్వట్లేదు."

"భేష్," అన్నాడు ఉదయ్ భాస్కర్. "అలాగే ఉంచండి."

ఆ భేష్ అన్న మాటను జ్ఞానశేఖర్ ఇంటికి తీసుకెళ్ళి భార్యకు కూడా చెప్పుకున్నాడు.

*

దసరా సెలవులు దాటాక ఒక పొద్దున, గేటు పక్క టీ బండి దగ్గర రోసమ్మ కనిపించింది. వందనాలు పెట్టాడు.

"వందనాలు నాయనా. చిక్కిపోయావేంటి, మీ ఆవిడ వండట్లేదా?"

"ఆవిడ వండుతూనే ఉందాంటీ, నాకే తినే తీరిక లేదు."

రోసమ్మ నవ్వి, టీలో బిస్కెట్టు ముంచి, అది మెత్తబడి తెగి పడిపోయేదాకా పట్టుకునే ఉంది.

"శేఖరూ, ఈ మధ్య పేషెంట్లు తగ్గారా మనకి?"

"తగ్గడమా? మంచాలు దొరకట్లేదాంటీ. వరండాల్లో కూడా వేస్తున్నారు."

"అలాగా," అంది. "ఆ హెన్రీ పెట్టె బాగానే ఉన్నట్టా?" అని అడిగింది.

"లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది. పచ్చగానే ఉంది."

"అయితే బాగానే ఉన్నట్టేనాంటీ. అది పాడైతే లైటు ఆరిపోతుంది."

"అలాగా," అంది మళ్ళీ. రెండోసారి అన్నప్పుడు ఆ మాట కిందికి దిగింది, బావిలోకి చేద జారినట్టు. జ్ఞానశేఖర్‌కు ఆ చప్పుడు వినపడలేదు. గ్లాసు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి ఒక్కసారి చూస్తానని కూడా అనలేదు.

*

క్రిస్మస్ నక్షత్రాలు వరండాల్లో వేలాడదీస్తున్న రోజుల్లో, ఆడవాళ్ళ వార్డులో ప్రింటరు మొరాయించింది. డిశ్చార్జి కాగితాలు రావట్లేదని పొద్దున్నే పిలుపొచ్చింది. మామూలుగా అతను ముందు గేటు నుంచి వస్తాడు. ఆ రోజు గేటు దగ్గర అంబులెన్సు అడ్డంగా ఉంటే, వెనక నుంచి, ప్రార్థన గది పక్క వరండాలోంచి వచ్చాడు.

తలుపు వేసి ఉంది. లోపలి నుంచి రోసమ్మ గొంతు. వాక్యం చదువుతోంది. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. కాస్త వణుకు చేరింది గానీ అదే గొంతు, అదే నిదానం. ఆగి వినాలనిపించింది. ఎలాగూ పైన వార్డులో వినపడుతుంది కదా, అక్కడ విందామని మెట్లెక్కాడు. సగం మెట్ల మీదే చెవులు ముందుకు సాచాడు, పై నుంచి ఆ గొంతు తనకు ఎదురొస్తుందని.

రాలేదు.

వార్డులోకి వచ్చాడు. టిఫిను బండి చక్రం కిర్రుమంటోంది. ఎవరో దగ్గుతున్నారు. ఎవరి ఫోనులోనో వీడియో మోగుతోంది. గోడ మీద స్పీకరు, దాని మీద బల్లి. స్పీకరులో ఏమీ లేదు.

"కిషన్," అని వార్డు అటెండరును పిలిచాడు. "స్పీకరు ఆపేశారా?"

"ఎవరాపిండ్రు సార్? అదే బందయింది."

"ఎప్పుడు?"

"ఏందీ సార్, మీకు ఎరికలేదా? వానలప్పటి సంది లేదు. కొత్త సారు బంద్ చేయించిండంట గద. పేషెంట్లకు తక్లీఫ్ అయితదని."

"ఎవరు చెప్పారు?"

కిషన్ తల గోక్కున్నాడు. "ఎవరు జెప్తరు సార్, అందరు అనుకున్నరు. కొత్త సారొచ్చిండు, ప్రార్థన బందయింది. గంతే. పాపం రోసమ్మ సిస్టరు మస్తు రంది పడ్డదంట. అందుకే మేం ఎవ్వరం సుత ఆమె ముంగట గా ముచ్చటే తియ్యం. ఎందుకు సార్ దుఃఖపెట్టుడు?"

"ఆమె కింద చదువుతోంది కిషన్."

"ఎవరు?"

"రోసమ్మ సిస్టర్. ఇప్పుడు. కింద. చదువుతోంది."

కిషన్ నోరు తెరిచి అతన్ని చూశాడు. ఆ తర్వాత స్పీకరును చూశాడు. "రోజు సదువుతుందా సార్?" అన్నాడు మెల్లగా.

జ్ఞానశేఖర్‌కు అప్పుడు అర్థమైంది. రోజూ పొద్దున్నే, అదే వేళకు, వెనకవైపు స్విచ్ పారేస్తున్న కుప్పలు ఏమిటో. ఆ దొంగ ఎవరో. తను భేష్ అనిపించుకున్నది దేనికో.

ఆ క్షణం అతను ప్రార్థన గదికి పరిగెత్తి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. కానీ ఇన్నేళ్ళ పని అతనికి ఒకే పద్ధతి నేర్పింది. ముందు బాగుచెయ్యి, తర్వాత చెప్పు. పాడైందని చెప్పడానికి ఖాళీ చేతులతో వెళ్ళకు. కాళ్ళు వాటంతటవే మెట్ల కింది గదికి తీసుకుపోయాయి. స్టోరు స్విచ్ తెరిచాడు. ఆ పోర్టుకు హెన్రీ పెట్టె చిరునామాను పరిచయం చేశాడు. ఒక్క వరస. కీబోర్డు మీద కొట్టడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టలేదు. ఇన్ని నెలలూ ఆ ఒక్క వరస లేకపోవడమే అడ్డం.

వెనకవైపుకు పరిగెత్తుకొచ్చేసరికి ప్రార్థన గదికి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ తాళంచెవి చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడి ఉన్నాడు.

"రోసమ్మ సిస్టరు ఇచ్చి పోయింది సార్," అన్నాడు. "రేపటి సంది రాదంట. ఎవరికియ్యాలె ఇది?"

*

మెట్టుగూడలో రోసమ్మ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రెండు గదులు, ముందొక చిన్న వసారా, అందులో తులసికి బదులు నందివర్ధనం చెట్టు. సాయంత్రం జ్ఞానశేఖర్ వెళ్ళేసరికి ఆమె వసారాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"రా నాయనా. తాళంచెవి సంగతేనా? వాచ్‌మన్‌కి ఇచ్చానే."

"అందుకు కాదాంటీ."

"కూర్చో. టీ పెడతాను."

"వద్దాంటీ. ముందు నే చెప్పేది వినండి."

చెప్పాడు. చెప్పడం అతనికి చేతకాలేదు. పోర్టు అన్నాడు, ప్యాకెట్ అన్నాడు, చేత్తో పెట్టిన చిరునామా అన్నాడు. ఏదీ ఆమెకు ఎక్కడం లేదని ముఖం చూసి ఆగాడు. చివరికి మామూలు మాటల్లోకి వచ్చాడు.

"మీ గొంతు ఆ గది దాటి పోలేదాంటీ. వానాకాలం నుంచీ. నేను పెట్టిన కాపలా దాన్ని ఆపేసింది."

రోసమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత నవ్వింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను గోడకు చదివానన్నమాట."

అతను తల దించుకున్నాడు.

"ఆ గోడకి పాపాలన్నీ పోయుంటాయిలే," అంది. నవ్వు మొదలైనంత తొందరగానే ఆగిపోయింది. "మరి చీటీలు? పెట్టెలో ఒక్క చీటీ కూడా వెయ్యడం మానేశారు కదా అందరూ?"

"మీరు చదవట్లేదనుకున్నారాంటీ. కొత్త సార్ ఆపించారనుకున్నారు."

"ఒక్కరూ నన్నడగలేదే! రోజూ ఆ గేటులోంచే కదా వచ్చాను. వందనాలు పెడతారు, పక్కకి తప్పుకుంటారు."

"మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని."

పట్టాల మీద లోకల్ రైలు ఒకటి వచ్చి వెళ్ళింది. గోడలు వణికి సర్దుకున్నాయి.

"నేనూ అడగలేదు," అంది. "అడిగితే, మాకొద్దమ్మా అంటారేమోనని. రేడియోలు, ఫోన్లు ఇన్ని వచ్చాక ఈ ముసలిదాని గొంతెవరిక్కావాలిలే అనుకున్నా. అయినా ఎవరో ఒకరు వింటూనే ఉంటారని చదివాను. చీటీలు లేకపోతే పాత పేర్లే చదివాను. బతికారో పోయారో తెలియని పేర్లు. నిన్న రాత్రి అనిపించింది, వద్దన్నవాళ్ళ చెవుల్లో ఎందుకు ఇలా పోస్తున్నానని. అందుకే ఈ రోజుతో చాలనుకున్నా."

"ఇప్పుడు బాగైపోయిందాంటీ. రేపు చదివితే అన్ని వార్డుల్లోనూ వినపడుతుంది. నేను పైన నిలబడి ఉంటాను, విని ఫోను చేస్తాను. కావాలంటే మీ గదిలోనే ఒక చిన్న స్పీకరు పెడతాను, మీ గొంతు మీకు తిరిగి వినపడేలా."

"నువ్వు పెడతావు నాయనా, నాకు తెలుసు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది జ్ఞానశేఖర్‌కు. "కానీ ఇంక ఆ పచ్చ దీపం ముందు నేను కూర్చోలేను. ప్రతి మాటకీ ఇది పోయిందా, ఆగిందా అనుకుంటూ ఎలా చదవను? ప్రార్థన అలా చెయ్యలేం. ఎవరైనా చిన్న నర్సుల్ని చదవమను. గొంతులో ఉత్సాహం ఉంటుంది."

అతను ఏదో అనబోయాడు. ఆమె చిక్కుళ్ళ చేట పక్కకు పెట్టి లోపలికి వెళ్ళి ఫోను తెచ్చుకుంది.

"కల్పలత అని ఒకమ్మాయి," అంది. "మల్కాజ్‌గిరి. కుట్టుపని చేసుకుంటుంది. కడుపులో గడ్డ. వానాకాలంలోనే వచ్చి చేరింది. చచ్చేంత భయం ఆ పిల్లకి. ముందురోజు సాయంత్రం కిందికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. సిస్టరమ్మా, రేపు నా పేరు చదువు, అది విన్నంకనే లోపలికి పోతా అంది. తన నంబరు కూడా తానే ఇందులో ఎక్కించింది, మా ఇంటికి రావాలె అని. నేను చదివాను శేఖరూ. అందరికంటే ముందు ఆ పిల్ల పేరే చదివాను. రెండుసార్లు చదివాను."

జ్ఞానశేఖర్ ఆమె చేతిలోని ఫోను వంకే చూస్తున్నాడు.

"ఆపరేషను బాగా జరిగిందని ఎవరో చెప్పారు. డిశ్చార్జయి వెళ్ళిపోయింది. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిందే అని నాకు ఎంత కష్టమేసిందో! ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద మనసులో అలకే. అక్కడ ఆ పిల్ల ఏమనుకుని లోపలికెళ్ళిందో." కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. "ఈ అక్షరాలు కనపడి చావట్లేదు. నంబరు నొక్కు."

నొక్కాడు. స్పీకరు మీద పెట్టి ఆమె చేతికిచ్చాడు. చాలాసేపు మోగింది.

"ఎవరూ?" అంది అవతల ఒక గొంతు. వెనక హారన్లు, ఎవరో టికెట్ టికెట్ అంటున్నారు.

"కల్పలతా, నేనమ్మా. రోసమ్మను. రాతి ఆసుపత్రి."

"ఆఁ... సిస్టరమ్మా? మంచిగున్నవా?"

"బాగున్నానమ్మా. నీ ఒంట్లో ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్న. మిషను గూడ తొక్కుతున్న ఇప్పుడు. ఏంది సిస్టరమ్మా, ఏమన్న పనుండెనా?"

రోసమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ రోజు నీ పేరు చదివానమ్మా నేను. స్పీకరు మిషను పాడై మీకు వినపడలేదంట. నాకు ఈ రోజే తెలిసింది. నేను చదివాను తల్లీ. మర్చిపోలేదు."

అవతల హారను ఒకటి గట్టిగా మోగింది.

"స్ట్రెచరు వచ్చిందాక జూసిన సిస్టరమ్మా," అంది కల్పలత. గొంతు తేలికగానే ఉంది, ఎప్పుడో మడతపెట్టేసిన బట్టను విప్పి చూపించినట్టు. "జెర ఆగుండ్రి, జెర ఆగుండ్రి అనుకుంట మస్తు పరేషాన్ జేసిన వాళ్ళని. పోనీతియ్ అమ్మా. గిప్పుడు గవన్ని ఎందుకు? అయిపాయె గద."

"నీకోసం ఇప్పుడు ఒక్క వాక్యం..."

"బస్సుల ఉన్న సిస్టరమ్మా, నా స్టాపొచ్చింది. మళ్ళ జేస్తా, ఆఁ?"

"చెయ్యమ్మా. ఎప్పుడైనా చెయ్యి," అంటూనే ఉంది రోసమ్మ. అప్పటికే అవతల ఏమీ లేదు.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ముఖం కాస్త తేటపడింది. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది, వెళ్ళేటప్పుడు ఫోను కూడా వంటింట్లోకి తీసుకెళ్ళింది. జ్ఞానశేఖర్ టీ తాగాడు. చిక్కుళ్ళు ఒలవడానికి చేట దగ్గరికి లాక్కున్నాడు. చీకటి పడుతోంది. ఇంకో రైలు వచ్చింది. ఆ రొదలో వినపడదేమోనని ఆమె ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, రైలు దాటిపోయేదాకా అలాగే ఉంది.

రైలు వెళ్ళాక అతను లేచాడు.

"కూర్చో నాయనా," అంది రోసమ్మ. "మళ్ళీ చేస్తానంది కదా. నీ గొంతు కూడా వింటుంది, మిషను పాడైన మాట నిజమేనని నువ్వు చెబుదువుగాని."

జ్ఞానశేఖర్‌కు ఆ ఫోను మోగదని తెలుసు. తెలిసీ కూర్చున్నాడు.